ఇంట్లో విమానం: మార్పులు చేర్పుల మీద మీ ప్రశ్నలు

విడిభాగాల కిట్ కొని ఇంట్లోనే విమానం కట్టుకునేవాళ్ల నుంచి ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే రాగం: "కిట్ బాగుంది, కానీ ఈ ఒక్కటీ నాకు నచ్చినట్టు మార్చుకోవచ్చా?" అందుకే ఈసారి చోటంతా వాటికే ఇచ్చాను. ఇంజన్ ఆయిల్ గురించి రాసినవాళ్లు వచ్చే నెల దాకా ఓపిక పట్టాలి. నేను విమానాల రేకు పని చేసి రిటైరైన మనిషిని కాబట్టి రివెట్ల గోల కాస్త ఎక్కువే ఉంటుంది, సర్దుకోండి.

ప్రశ్న: నాది రెండు సీట్ల కిట్. సీట్ల మధ్య ఫ్యూయల్ సెలెక్టర్ వాల్వ్ (ఏ ట్యాంకు నుంచి ఇంధనం రావాలో ఎంచుకునేది) ఉంది. దాన్ని సీటు వెనక గోడకు మారిస్తే పెట్రోల్ పైపులు కాక్‌పిట్‌లోకి రావు, వాసనా రాదు. ముందు ఫోన్, నీళ్ల సీసా పెట్టుకోవడానికి జాగా మిగులుతుంది. చేయొచ్చా?

జవాబు: వద్దు. సీసా ఒళ్లో పెట్టుకోండి.

మీకొచ్చిన ఆలోచన ఇంతకుముందు ఇంకొకరికీ వచ్చింది. బర్ట్ రుటాన్ డిజైన్ చేసిన లాంగ్-ఈజీ విమానంలో ఆ వాల్వ్ పైలట్ కాళ్ల మధ్య ఉండాలి. ఒక విమానాన్ని కట్టినాయన దాన్ని పైలట్ ఎడమ భుజం వెనక ఉన్న గోడకు మార్చాడు. కారణం మీరు చెప్పిందే, పైపులు కాక్‌పిట్‌లో ఉండకూడదని. ఆ విమానం తర్వాత చేతులు మారి గాయకుడు జాన్ డెన్వర్ దగ్గరికి చేరింది. 1997 అక్టోబర్ 12న కాలిఫోర్నియాలోని మాంటెరే దగ్గర అది సముద్రంలో కూలి ఆయన చనిపోయారు.

అమెరికా రవాణా భద్రతా సంస్థ ఎన్‌టీఎస్‌బీ ఆ కేసును దర్యాప్తు చేసింది. భుజం వెనక ఉన్న వాల్వ్‌ను అందుకోవాలంటే స్టిక్ (విమానాన్ని నడిపే కర్ర) వదిలి, నడుము తిప్పి, వెనక్కి చెయ్యి చాపాలి. అలా తిరిగేటప్పుడు ఊతం కోసం కుడికాలు తనంతట తానే బిగుసుకుంటుంది. ఆ కాలి కింద ఉన్నది కుడి రడ్డర్ పెడల్, అంటే విమానం ముక్కును కుడికి తిప్పేది. విమానం తక్కువ ఎత్తులో ఉన్నప్పుడు ఆ ఒక్క తొక్కుడు చాలు. దానికి తోడు, వాల్వ్ ఏ వైపు తిప్పితే ఏ ట్యాంకో చెప్పే గుర్తులు లేవు. బయల్దేరేముందు ఇంధనం విషయం సరిగా చూసుకోకపోవడాన్ని కూడా నివేదిక తప్పుపట్టింది. కానీ నేను మీకు చెప్పదలచుకున్నది ఇది: హ్యాండిల్ అందడం కష్టమని డెన్వర్‌కు ముందే తెలుసు. తెలిసినా అది ఉన్నచోటే ఉంది.

మీ కిట్‌లో ఒక పరీక్ష చేసి చూడండి. సీట్లో కూర్చుని బెల్టులు పూర్తిగా బిగించండి. కళ్లు మూసుకోండి. వీపు సీటును వదలకుండా, పాదాలు కదలకుండా చెయ్యి వాల్వ్ మీద పడాలి. ఎడమ ట్యాంకు, కుడి ట్యాంకు తేడా వేళ్లకే తెలియాలి. హ్యాండిల్ మొన ఏ ట్యాంకు నుంచి ఇంధనం వస్తుందో ఆ వైపే చూడాలి. ఆఫ్ స్థానంలోకి పొరపాటున జారిపోకుండా ఒక ఆటంకం ఉండాలి, అంటే పైకి లాగితేనో నొక్కితేనో తప్ప అటు తిరగకూడదు. ఇవన్నీ ఉన్న వాల్వ్ మీ కిట్‌లో ఇప్పటికే ఉంటే దాని జోలికి పోకండి. వాసన వస్తోందంటే ఎక్కడో జాయింటు కారుతోంది. అది బాగుచేయించండి.

ప్రశ్న: డిజైనర్ 160 హార్స్‌పవర్ వరకే అన్నాడు. నాకు 200 హార్స్‌పవర్ ఇంజన్ మంచి బేరానికి దొరికింది. శక్తి ఎక్కువైతే నష్టమేముంది?

జవాబు: ముందు లాభం లెక్క చూద్దాం. గాలి ఎదురు నెట్టే బలం వేగంతో పాటు ఎంత త్వరగా పెరుగుతుందంటే, మీరు 25 శాతం శక్తి పెంచితే సమతలంగా ఎగిరేటప్పుడు వేగం 8 శాతం కూడా పెరగదు. గంటకు 290 కిలోమీటర్లు పోయేది 312 పోతుంది, అంతే. పైకెక్కడంలో మాత్రం తేడా బాగా తెలుస్తుంది, అది ఒప్పుకుంటాను.

ఇక నష్టం. 200 హార్స్‌పవర్ ఇంజన్ సాధారణంగా బరువెక్కువ, ఆ బరువంతా ముక్కు మీద పడుతుంది. ఇంజన్ మౌంటు, ముక్కు చక్రం కాలు, ఫైర్‌వాల్ (ఇంజన్‌కూ కాక్‌పిట్‌కూ మధ్య ఉండే గోడ) ఇవన్నీ పాత లెక్కతో చేసినవి. పెట్రోల్ ఎక్కువ తాగుతుంది, ట్యాంకులు మాత్రం పాతవే. అంటే మీరు వేగంగా వెళ్లి తక్కువ దూరంలో దిగుతారు.

అన్నిటికంటే నన్ను భయపెట్టేది ఫ్లట్టర్. ఒక వేగం దాటాక ఎయిలెరానో (రెక్క వెనక అంచున కదిలే పలక) ఎలివేటరో (తోక దగ్గర కదిలే పలక) వణకడం మొదలుపెట్టి, ఆ వణుకు గాలి నుంచే బలం పుంజుకుని క్షణాల్లో తోకనో రెక్కనో పీకేస్తుంది. ఇది మీటరులో కనిపించే వేగం కన్నా గాలిలో విమానం నిజవేగాన్ని ఎక్కువగా పట్టించుకుంటుంది. గాలి పల్చగా ఉండే 10,000 అడుగుల ఎత్తులో మీటరు గంటకు 280 కిలోమీటర్లు చూపిస్తుంటే నిజవేగం 325 దాటి ఉంటుంది. 160 హార్స్‌పవర్‌తో ఆ ఎత్తులో హద్దు దగ్గరికి వెళ్లడమే కష్టం కాబట్టి ఇన్నాళ్లూ ఎవరికీ ఏమీ కాలేదు. 200తో మీరు మామూలుగా ఎగురుతూనే ఆ గీత దగ్గరికి వెళ్తారు, మీటరులోని ముల్లు ఇంకా పచ్చరంగులోనే ఉంటుంది. డిజైనర్ గీసిన గీతకు అవతల ఏముందో కనుక్కునే పని మీ జీతంలో లేదు. ఆ ఇంజన్ అమ్మేయండి.

ప్రశ్న: క్లీకోలు (రివెట్లు వేసేదాకా రేకుల్ని పట్టి ఉంచే తాత్కాలిక క్లిప్పులు) ఎన్ని కొనాలి?

జవాబు: అనుకున్నదానికి రెట్టింపు. ఎరువు ఇచ్చినవి తిరిగి రావు.

ప్రశ్న: సార్, నేను ఇంజనీరింగ్ విద్యార్థిని. నాన్న, నేను కలిసి తోక భాగంతో మొదలుపెట్టాం. రడ్డర్‌లో రివెట్లు కొన్ని పక్కకు వాలాయి, కొన్ని పల్చగా అణిగాయి. అన్నీ పీకేసి మళ్లీ వేయాలని నాన్న అంటున్నారు.

జవాబు: నాయనా, ముందు నాన్నగారి చేతిలోంచి డ్రిల్లు తీసుకో. సరిగా లేని రివెట్ కంటే పెద్దదైపోయిన బెజ్జం ఎక్కువ ప్రమాదం.

కొలత ఏమిటో చెబుతాను. రివెట్ కాడ వ్యాసం ఎంతో, కొట్టాక వెనకవైపు ఏర్పడే తల వెడల్పు దానికి ఒకటిన్నర రెట్లు, మందం సగం ఉండాలి. 1/8 అంగుళం రివెట్ అంటే 3.2 మిల్లీమీటర్లు. దాని తల 4.8 మిల్లీమీటర్ల వెడల్పు, 1.6 మిల్లీమీటర్ల మందం ఉండాలి. దీనికి గేజి దొరుకుతుంది. కంటితో చూసి తీర్పు చెప్పొద్దు, కళ్లు మొదటి నెలంతా అబద్ధం చెబుతాయి. గేజికి సరిపోయి, పగుళ్లు లేకుండా, తల రేకును గట్టిగా పట్టుకుని ఉంటే కాస్త వాలినా వదిలెయ్. మాన్యువల్‌లో ఎంతవరకు సహించొచ్చో రాసి ఉంటుంది, చదువు.

నిజంగా తీయాల్సినవి ఉంటాయి. ఫ్యాక్టరీ తలలో, ఏడీ రకం (విమానాల్లో మామూలుగా వాడే అల్యూమినియం మిశ్రమం) రివెట్‌కు నడిబొడ్డున చిన్న గుంట ఉంటుంది. డ్రిల్లు బిట్‌ను అక్కడ ఆనించి, మోటారు ఆన్ చేయకుండా చక్‌ను చేత్తో నాలుగు చుట్లు తిప్పు. బిట్ కుదురుకున్నాక తల మందం మేరకే తొలుచు, రేకు దాకా పోవద్దు. తర్వాత అదే మందం ఉన్న పంచ్‌ను ఆ గుంటలో పెట్టి పక్కకు వంచితే తల టక్కున ఊడుతుంది. వెనక ఒక చెక్క దిమ్మ ఆనించి కాడను మెల్లగా తట్టు. మొండికేస్తే కాడ మధ్యలో ఇంకాస్త సన్నటి బిట్‌తో తొలిచి మళ్లీ తట్టు. సుత్తితో బాదితే రేకు వంగుతుంది, ఆ వంపు రంగు వేశాక కూడా కనబడుతుంది.

ఇంత చేసినా బెజ్జం పెద్దదైతే, కౌంటర్‌సంక్ రివెట్లకు (తల రేకు మట్టంలోకి దిగిపోయేవి) ఒక దారి ఉంది. 1/8 అంగుళం కాడకు, 3/32 అంగుళం రివెట్‌కు ఉండేంత చిన్న తల ఉన్న రివెట్ దొరుకుతుంది. కిట్లు కట్టేవాళ్లు దాన్ని 'ఊప్స్ రివెట్' అంటారు. ఒక డబ్బా కొని పెట్టుకో. ఒక్కటే షరతు: బెజ్జం మధ్య నుంచి రేకు అంచుకు కనీసం కాడ వ్యాసానికి రెండింతల దూరం ఉండాలి. లేకపోతే కంపెనీకి ఫొటో పంపి అడుగు.

ఇంకో మాట. రివెట్లు వాలడానికి చాలాసార్లు కారణం రివెట్ కొట్టే గన్ పట్టుకున్నవాడు కాదు, వెనక బకింగ్ బార్ (రివెట్ కాడకు ఆనించే లోహపు దిమ్మ) పట్టుకున్నవాడు. బార్ రేకుకు సమాంతరంగా ఉండాలి. మీ ఇద్దరూ ఒక గంట స్థానాలు మార్చుకుని పాత రేకు ముక్కల మీద కొట్టి చూడండి. ఎవరు గన్, ఎవరు బార్ అన్నది అక్కడే తేలిపోతుంది, ఇంట్లో గొడవ కూడా తగ్గుతుంది.

ప్రశ్న: నాది ఫోమ్, గ్లాస్ ఫైబర్, ఎపాక్సీ జిగురుతో కట్టిన విమానం. ముదురు నీలం రంగు వేయించాలని మా అమ్మాయి పట్టు. ఇలాంటివన్నీ తెల్లగానే ఎందుకుంటాయి?

జవాబు: అమ్మాయికి రడ్డర్ మీద ఒక నీలి చార వేసిస్తానని చెప్పి ఒప్పించండి.

గది వేడిలోనే గట్టిపడే ఎపాక్సీ ఎక్కువ వేడి తగిలితే మెత్తబడటం మొదలెడుతుంది. తెల్లటి రెక్క ఎండను చాలావరకు వెనక్కి కొట్టేస్తుంది. ముదురు రంగు దాన్ని తాగేసి, ఎర్రటి ఎండలో నిలబెడితే చెయ్యి పెట్టలేనంతగా కాలిపోతుంది. మీ రెక్క బలమంతా ఆ పొరలోనే ఉంది, లోపల వేరే అస్థిపంజరం లేదు. పార్కింగ్‌లో కాలిన రెక్కతో వెంటనే టేకాఫ్ చేస్తే, డిజైనర్ లెక్కగట్టిన బలం అందులో ఉండదు. అందుకే రుటాన్ తరహా విమానాల ప్లాన్‌లలో తెలుపే వాడమని ఉంటుంది.

రేకు విమానం వాళ్లకు ఈ బాధ లేదు, కానీ వాళ్లకూ ఒక చురక. ఎయిలెరాన్, ఎలివేటర్, రడ్డర్ వీటిని కీలు దగ్గర తూకం కుదిర్చి బిగిస్తారు. కీలుకు వెనక భాగంలో పడే ప్రతి పొర రంగు, ప్రతి ముద్ద పుట్టీ ఆ తూకాన్ని చెడగొడుతుంది. ఇందాక చెప్పిన ఫ్లట్టర్‌కు ఇది తలుపు తెరవడమే. పాత రంగు మీద కొత్త రంగు వేయించుకునేవాళ్లు ముఖ్యంగా వినాలి: పెయింటర్ పని అయ్యాక ఆ భాగాలను విప్పి, మళ్లీ తూకం చూసి, అప్పుడే బిగించండి.

ప్రశ్న: తోక చివర అదనపు బ్యాటరీ, దీపాలు పెడుతున్నాను. అన్నీ కలిపి 4 కిలోలే. ఖాళీ విమానం తూకం వేస్తే ముక్కు చక్రం మీద 90, ఎడమ చక్రం మీద 142, కుడి చక్రం మీద 144 కిలోలు వచ్చింది. ఇందులో 4 కిలోలు ఓ లెక్కా?

జవాబు: ఎక్కడ పెడుతున్నారన్నదాన్ని బట్టి పెద్ద లెక్కే. కాగితం తీయండి.

మీరు పంపిన బొమ్మ ప్రకారం దూరాలన్నీ ముక్కుకు ముందున్న ఒక ఊహాగీత నుంచి కొలిచారు. ముక్కు చక్రం 1.20 మీటర్లు, పెద్ద చక్రాలు 2.60 మీటర్లు. 90ని 1.20తో గుణిస్తే 108. మిగతా 286 కిలోలను 2.60తో గుణిస్తే 743.6. రెండూ కలిపితే 851.6. దాన్ని మొత్తం బరువు 376తో భాగిస్తే 2.265 మీటర్లు. మీ ఖాళీ విమానం సీజీ, అంటే గరిమనాభి, అక్కడుంది.

ఇప్పుడు 6 మీటర్ల దూరంలో, తోకలో 4 కిలోలు పెట్టండి. 24 కలుస్తుంది, 875.6 అవుతుంది. 380తో భాగిస్తే 2.304. అంటే సీజీ దాదాపు 4 సెంటీమీటర్లు వెనక్కి జరిగింది. ఇలాంటి విమానాల్లో ముందు హద్దుకూ వెనక హద్దుకూ మధ్య ఉండేది జానెడు. అందులో ఐదో వంతు మీ దీపాలే తినేశాయి. ఇంకా ప్రయాణికుడు ఎక్కలేదు, సామాను పెట్టలేదు. మీ ట్యాంకులు సీజీకి ముందుంటే, పెట్రోల్ ఖర్చయ్యేకొద్దీ అది ఇంకా వెనక్కి పోతుంది.

సీజీ ముందుకెళ్తే ల్యాండింగ్‌లో ముక్కు లేవదు, అదొక ఇబ్బంది. వెనక హద్దు దాటితే స్టిక్ హాయిగా, తేలిగ్గా అనిపిస్తుంది, స్పిన్‌లో (గిరగిరా తిరుగుతూ కిందికి పడిపోవడం) పడితే మాత్రం బయటికి రాకపోవచ్చు. బ్యాటరీని ఫైర్‌వాల్ దగ్గర పెట్టి తోకకు తీగ మాత్రం లాగండి.

ప్రశ్న: మీటర్లకు బదులు పెద్ద తెరలుండే గ్లాస్ ప్యానెల్ మీద ఆఫర్ నడుస్తోంది. రెక్కలు ఇంకా మొదలుపెట్టలేదు. ఇప్పుడే కొనేయనా?

జవాబు: మీరు రెక్కలు పూర్తిచేసేసరికి ఆ మోడల్ పాతబడుతుంది, వారంటీ పెట్టెలోనే అయిపోతుంది. ప్యానెల్ అన్నిటికంటే చివర కొనాలి. ఇప్పుడు ఖర్చు పెట్టాలని చెయ్యి దురదగా ఉంటే మంచి తీగ కొనండి. ఇంటి వైరింగ్‌కు వాడే పీవీసీ తీగ కాలితే వచ్చే పొగ చిన్న కాక్‌పిట్‌లో ఊపిరాడనివ్వదు. విమానాలకు టెఫ్జెల్ (వేడిని తట్టుకునే ప్లాస్టిక్) తొడుగున్న తీగే వాడాలి. దాన్ని బిగించడానికి సరైన క్రింపింగ్ టూల్ కూడా కొనండి, కటింగ్ ప్లేయర్‌తో నొక్కినవి వణుకుకు వదులైపోతాయి.

ప్రశ్న: మొత్తం ఎన్ని గంటల పని?

జవాబు: రెండు సీట్ల రేకు కిట్‌కు 1500 నుంచి 2500 గంటలు అనుకోండి. మార్పులు చేసేవాళ్లు పై అంకె పెట్టుకోవాలి. వారానికొక్క ఆదివారం పొద్దంతా కష్టపడేవాళ్ల కంటే రోజూ ఒక గంట షెడ్డులో ఉండేవాళ్ల విమానాలే ఎగరడం నేను చూశాను.

ప్రశ్న: మా వారి విమానం పూర్తయింది. మొదటిసారి ఎగిరేటప్పుడు నేను పక్కన ఉండాలని ఆయన కోరిక. నాకు లోపల టెన్షన్‌గా ఉంది. కాదంటే నొచ్చుకుంటారేమో.

జవాబు: అమ్మా, మీరు కాదనక్కర్లేదు, నా పేరు చెప్పండి. అమెరికాలో అయితే కొత్త విమానానికి సాధారణంగా మొదటి 25 లేదా 40 గంటలు పరీక్షా కాలం, ఆ సమయంలో సరదాకు ఎవరినీ ఎక్కించుకోకూడదని నిబంధనే ఉంది. అర్హతలున్న రెండో పైలట్‌కు మాత్రం కొన్ని షరతులతో మినహాయింపు ఇస్తారు. మీరున్న చోట నిబంధన ఏదైనా, పద్ధతి అదే. ఇంట్లో కట్టిన విమానాలపై ఎన్‌టీఎస్‌బీ 2012లో ఒక అధ్యయనం వెలువరించింది. ఇంజన్ శక్తి పోవడం, గాలిలో అదుపు తప్పడం, ఈ రెండే పెద్ద కారణాలు. మొదటి కొన్ని ఎగురుళ్లలోనే ప్రమాదాలు ఎక్కువగా జరిగాయి.

మీరు పక్కన కూర్చోవడం కంటే ఎక్కువ సాయం చేసే పని ఒకటుంది. ఎగరడానికి ముందు ఇంధన ప్రవాహ పరీక్ష ఉంటుంది. ముక్కును పైకెక్కేటప్పుడు ఉండే కోణంలో ఎత్తి నిలబెట్టాలి. కార్బురేటర్ దగ్గర గొట్టం విప్పి, పంపు ఆన్ చేసి, ఒక్క నిమిషంలో కొలపాత్రలోకి ఎంత పెట్రోల్ వచ్చిందో చూడాలి. పంపు ఉన్న విమానంలో ఇంజన్ గరిష్ఠంగా తాగేదానికి 125 శాతం రావాలి, పంపు లేకుండా ట్యాంకు పైనుంచి దానంతట కారేదైతే 150 శాతం. మీ వారిది రోటాక్స్ 912 యూఎల్ఎస్ ఇంజన్ అన్నారు. అది పూర్తి శక్తితో గంటకు సుమారు 27 లీటర్లు తాగుతుంది. కాబట్టి నిమిషానికి కనీసం 560 మిల్లీలీటర్లు రావాలి. గడియారం మీరు పట్టుకోండి, పాత్ర ఆయన పట్టుకుంటారు. పక్కన మంటలార్పే సిలిండర్ ఉంచుకోండి, పరీక్ష ఆరుబయటే చేయండి. 500 వచ్చి "దాదాపు సరిపోయిందిలే" అని ఆయన అంటే, ఆ రోజుకు విమానం తాళంచెవి మీ దగ్గరే ఉంచుకోండి.

ప్రశ్న: ఒకాయన సగం కట్టి వదిలేసిన కిట్ చౌకగా ఇస్తానంటున్నాడు. రెక్కలు మూసేసి ఉన్నాయి. తీసుకోవచ్చా?

జవాబు: లాగ్‌బుక్, ఫొటోలు ఉంటేనే. అమెరికాలాంటి చోట్ల విమానంలో సగానికి మించిన పని సొంతంగా నేర్చుకోవడానికో సరదాకో కట్టేవాళ్లే చేసినట్టు చూపించాలి. ఆయన చేసిన పని ఆ లెక్కలోకి రావాలన్నా కాగితమే సాక్ష్యం. బేరానికి ముందే మీ విమానయాన అధికారులను అడగండి.

మూసిన రెక్కలోకి తనిఖీ కంతల గుండా చిన్న బోర్‌స్కోప్ కెమెరా పంపి చూడండి. స్పార్ (రెక్క పొడవునా ఉండే ప్రధాన దూలం) దగ్గర రివెట్ తలలు, వదిలేసిన లోహపు రజను, ఎక్కడైనా పడి ఉన్న నట్టు, ఇవి వెతకాలి. ట్యాంకుల విషయం వేరు. వెంట్ గొట్టానికి (ట్యాంకులోకి గాలి వెళ్లే దారి) ఒక బెలూన్ తగిలించి, మిగతా దారులు మూసి, బెలూన్ ఉబ్బేంత గాలి మాత్రమే పంపండి. కంప్రెసర్ నేరుగా పెడితే ట్యాంకు ఉబ్బి చిరుగుతుంది. తర్వాత ప్రతి రివెట్ వరస మీదా సబ్బు నీళ్లు పూయండి. రాత్రికి బెలూన్ కాస్త కుంగితే కంగారు పడొద్దు, చల్లబడితే గాలి ముడుచుకుంటుంది. సబ్బు నీళ్లలో బుడగ లేచిందా, అక్కడ పెన్సిల్‌తో గుర్తు పెట్టి, గుర్తుకింత అని ధర తగ్గించమనండి.